మత్తుమందు పేరు

ఆసుపత్రి రికార్డుల గదిలో స్కానర్లు బాగుచేసే ఆవిడను అందరూ అద్దాలక్క అనేవారు. అక్కడికి రాకముందు పదిహేనేళ్లు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసింది మరి.

ఒక ఉదయం నర్సు పరుగున వచ్చింది. "అక్కా, రేపు మా వదినకి ఆపరేషన్. చిన్నప్పుడు ఏదో మత్తుమందు పడక ప్రాణం మీదికొచ్చిందట. అదేమిటో ఎవరికీ గుర్తులేదు. పాత కేసుషీటు దొరికింది గానీ సిరా వెలిసిపోయింది."

స్కాన్ చేస్తే తెరమీద బూడిదరంగు తప్ప ఏమీ రాలేదు. అద్దాలక్క స్కానర్ మూత విప్పి చూసింది. దీపం వెలుగు సగం కాగితం మీద పడకుండా పక్కకే పోతోంది. అటువైపు సన్నటి అద్దం ముక్కను ఏటవాలుగా బిగించి, ఆ వెలుగును కాగితం మీదికి మళ్లించింది. తిరిగొచ్చే కాంతిని ఎక్కువగా పోగుచేయడానికి లోపలి లెన్సు తీసి వెడల్పాటిది పెట్టింది. అక్షరాలు కనిపించాయి గానీ అలుక్కుపోయి ఉన్నాయి. ఊపిరి బిగబట్టి లెన్సును వెంట్రుకవాసి వెనక్కి జరిపింది.

ఈసారి మందు పేరు స్పష్టంగా వచ్చింది.

నర్సు కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

"ఏడుపు తర్వాత, ముందు డాక్టరుకి చూపించవే!" అని అద్దాలక్క కసిరింది.

మర్నాడు మధ్యాహ్నం నర్సు ఫోన్ చేసింది. "వదిన కళ్లు తెరిచిందక్కా. గడ్డం గీసుకోలేదని అన్నయ్యని తిడుతోంది."

"హమ్మయ్య! తిడుతోందంటే ఇక భయం లేదు," అని అద్దాలక్క పొద్దుటి నుంచి ముట్టని టిఫిన్ డబ్బా తెరిచింది.