ఎర్రశాలువా ఇశ్రాయేలు గారు

ఇశ్రాయేలు గారికి లోకంలో ఒకటే ప్రశ్న: "కలిపావా?"

ఫిల్మ్‌నగర్‌లో సినిమా టికెట్ల యాప్ తయారుచేసే ఆఫీసుకి ఆయన పెద్దదిక్కు. ఎవరు రాసిన కోడ్ వాళ్లు ఏ రోజుకారోజు అందరి కోడ్‌లో కలపాలి. కలపగానే మెషీన్ పరీక్షలు పెడుతుంది. పాసైతే గోడమీద పచ్చదీపం, తప్పితే ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగించినవాళ్లకి ఎర్రశాలువా సన్మానం. మళ్లీ పచ్చదీపం వచ్చేదాకా తియ్యకూడదు.

పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ భిక్షాన్నీ అదే అడుగుతారు.

"చాయ్‌ల చక్కెర కలిపిన సార్. ఇంకేం కలపాలె?"

ఎదురుగా ఇల్లు కడుతున్న మేస్త్రీనీ వదల్లేదు. "సిమెంటు మొత్తం ఒకేసారి కలపకు, గట్టిపడిపోతుంది!"

"ముప్పై ఏళ్లుగా కొంచెం కొంచెమే కలుపుతున్నా సార్," అన్నాడు మేస్త్రీ. ఇశ్రాయేలు గారు అతనికి ఉద్యోగం ఇచ్చేద్దామా అన్నంత మురిసిపోయారు.

చిత్రమేమిటంటే, ఆ శాలువా అందరికన్నా ఎక్కువసార్లు కప్పుకున్నది ఆయనే!

కొత్తగా చేరిన గీతికకి మాత్రం ఆ దీపాన్ని చూస్తే గుండెదడ. పాత కంపెనీలో ఒక్క తప్పుకి మేనేజరు నలుగురిలో కడిగేస్తే, ఉద్యోగమే మానేసి వచ్చింది. అందుకే సీట్లు ఎంచుకునే కోడ్ రాసి, తొమ్మిది రోజులుగా తన దగ్గరే దాచుకుంది. పెద్ద హీరో సినిమాకి ఆ సాయంత్రం అయిదింటికే బుకింగ్!

"తొమ్మిది రోజులా! ఊరగాయ పెడుతున్నావా అమ్మా?" ఇశ్రాయేలు గారు అదిరిపడ్డారు. "ముక్కలు చెయ్యి. ఒక్కొక్కటీ కలుపు."

గీతిక వేలు మీట మీదికి వెళ్లిందో లేదో, గోడమీద ఎర్రదీపం! ఆఫీసంతా ఈలలు. వెలిగించింది ఇశ్రాయేలు గారే! శాలువా కప్పుకుని, సన్మానగ్రహీతలా దణ్ణం పెట్టారు.

"ఎలాగూ ఎర్రగానే ఉందిగా, నీదీ కలిపెయ్యమ్మా."

"ఎర్రగా ఉన్నప్పుడు కలపకూడదని మీరే చెప్పారు కదండీ!" అంది సీనియర్ భువన.

"చెప్పానా? వయసైపోతోంది."

గీతిక కోడ్ రెండుచోట్ల తప్పింది. ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. శాలువా భుజాన ఉండగానే ఆయన ఆమె పక్కన కూర్చుని సరిచేయించారు. నాలుగూ యాభైకి పచ్చదీపం! అయిదింటికి జనం యాప్ మీద పడ్డారు. నాలుగు నిమిషాల్లో హౌస్‌ఫుల్, ఒక్క సీటూ తారుమారు కాలేదు!

ఆ సంబరంలోనే గీతికకి అనుమానం వచ్చింది. ఇంతకీ ఆయన చేసిన తప్పేమిటి? రికార్డు తీసి చూస్తే, ఆయన కలిపింది ఒకే ఒక్క పరీక్ష: ఒకటీ ఒకటీ కలిపితే మూడు!

రికార్డులో ఇంకా వెనక్కి వెళ్లింది. ఆయన ఎర్రదీపాలు ఇరవై మూడు. ఇరవై మూడుసార్లూ అదే లెక్క. ప్రతిసారీ ఎవరో ఒక కొత్తవాళ్లు మొదటిసారి కోడ్ కలపడానికి నిమిషం ముందు.

"అయ్యో, ఈ తేదీ నా మొదటిరోజు!" భుజం మీదుగా చూస్తున్న భువన నోరు తెరిచింది.

సోమవారం చరణ్ తేజ అనే కొత్త కుర్రాడు చేరాడు. మీట ముందు చెమటలు కక్కుతున్నాడు. ఇశ్రాయేలు గారు మెల్లగా కీబోర్డు దగ్గరికి జరిగేసరికి దీపం అప్పటికే ఎర్రగా ఉంది.

"ఎవరమ్మా అది?"

శాలువా కప్పుకుని గీతిక లేచి నిలబడింది. "నేనేనండీ. ఒకటీ ఒకటీ నాలుగనుకున్నాను."

ఆయన జారుతున్న శాలువాని ఆమె భుజాల మీద సర్దారు.

"నాలుగా! నేనైతే మూడు దాటలేదమ్మా," అని చరణ్ తేజ వైపు తిరిగారు. "ఏం బాబూ, కలిపావా?"