ఈనిడ్ మీద పూర్తి నమ్మకం

హార్డెన్‌షా రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజర్లు వస్తుంటారు, పోతుంటారు. టీ కాచే ఈనిడ్ క్లెగ్ మాత్రం కదలదు. నూలు మిల్లు మూతపడ్డ ఏడాది వచ్చి కెటిల్ పక్కన నిలబడింది, అంతే. ఊరివాళ్లకు మేనేజర్లు గెలుపోటములతో గుర్తుంటే, ఆవిడకు టీతో గుర్తు. పోటీలో కప్పు గెలిచి తెచ్చిన పెద్దమనిషి నాలుగు చెంచాల పంచదార వేసుకునేవాడు. పాలు వద్దన్నవాడు జట్టును కింది డివిజన్‌కి దింపి మరీ పోయాడు. ఆ సంగతి తనకు మొదటిరోజే తెలుసని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

వాళ్లంతా పోయిన పద్ధతి ఒక్కటే. ఛైర్మన్ ఆర్మరాడ్ విలేకరుల ముందు నిలబడి, "మా మేనేజర్ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అంటాడు. వారం తిరక్కుండా ఆ మేనేజర్ అట్టపెట్టె చంకన పెట్టుకుని వెనక గేటు దాటుతాడు. పోయేముందు ఈనిడ్ చేతి టీ, పక్కన రెండు బిస్కెట్లు. మామూలు రోజుల్లో ఒక్కటే.

అలాంటి ఛైర్మన్, ఈనిడ్ చేరి పాతికేళ్లయిందని చిన్న విందు పెట్టి, మాటలు తోచక, "మా ఈనిడ్ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అనేశాడు.

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. మర్నాడు మాంసం కొట్టు ఆయన పరామర్శకు వచ్చాడు. ఊరి పేపరు ఆవిడ తర్వాత ఎవరని రాసి, బడి క్యాంటీన్ ఆవిడకే అవకాశం ఎక్కువంది. వరసగా ఓడుతున్న మేనేజర్ లెన్ ఫాసెట్ కూడా వచ్చి, గుండె దిటవు చేసుకోమని ఓదార్చాడు. ఈనిడ్ నిజంగానే ఏడ్చింది. ఇంట్లో ఆవిడ చేతి టీ తాగేవాళ్లెవరూ లేరు.

శుక్రవారం వచ్చింది. అందరూ పోయేది శుక్రవారమే. ఏప్రనూ తన కప్పూ అట్టపెట్టెలో సర్దుకుని ఆవిడ బయల్దేరుతుంటే, టీ కోసం వచ్చిన ఛైర్మన్ ఎదురయ్యాడు. ఎక్కడికని అడిగాడు.

"మీరే అన్నారుగా సార్, నమ్మకం ఉందని. పరువుగా పోనివ్వండి."

నిజంగానే ఉందని ఆయన ఒట్టేశాడు. అందరికీ అలాగే చెప్పారుగా అంది ఆవిడ. ఆయనకు ఇంక దారి దొరకలేదు.

"సరే, విను. నీ మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. ఏనాడూ లేదు. నీ టీ మీద అసలే లేదు."

ఈనిడ్‌కి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని కెటిల్ పెట్టింది.

గుమ్మంలో నిలబడి వింటున్న ఫాసెట్ గొంతు సవరించుకున్నాడు. "మరి నా సంగతేంటి సార్?"

ఛైర్మన్ ఆప్యాయంగా అతని భుజం తట్టాడు. "నీకేం భయమయ్యా. నీ మీద పూర్తి నమ్మకం ఉంది."

ఈనిడ్ తన కప్పూ ఏప్రనూ బయటికి తీసి, ఖాళీ పెట్టెను ఫాసెట్ వైపు జరిపింది.

"కూర్చో నాయనా," అంటూ సాసర్లో రెండో బిస్కెట్టు పెట్టింది.