ఉలవ తీగలు పట్టుకున్న స్టీరింగ్

పెన్న వంతెన మీద స్టీరింగ్ ఎడమకు తిప్పాను. బండి తిరగలేదు. ఎదురుగా శెనక్కాయ మూటల లారీ హారన్ కొట్టుకుంటూ వస్తోంది. ఇంకా తిప్పాను. అప్పుడు బండి ఒక్కసారిగా ఎడమకు దూకి వంతెన గోడ మీదికి పోబోయింది. బ్రేకు మీద నిలబడ్డాను. లారీ దాటిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద పెన్నలో నీళ్ళు కూడా లేవు, ఎండిన ఇసుక తప్ప.

"ఏం పాపా, అట్ల తోల్తావు? పాత బండి. రోంత ముందుగానే తిప్పుకోవల్ల," అన్నాడు పక్క సీట్లోంచి మా నాయన.

కొంచెం ముందుగా తిప్పుకోవాలట! మలుపు వస్తుందని కల గని తిప్పాలి కాబోలు. నాకు ఒళ్ళు మండింది. బండిని మెల్లగా వంతెన దాటించాను.

ఆ బండిని పట్నంలో ఎస్‌యూవీ అంటారు. మా ఊళ్ళో పెద్దబండి అంటారు. మేం కొనేనాటికే అది రెండు చేతులు మారింది. నేను పొద్దున్నే బస్సెక్కి అనంతపురం ఆఫీసుకు పోతాను కాబట్టి రోజూ దాన్ని తోలేది నాయనే. స్కూలు బస్సు మా ఊళ్ళోకి రాదు. అందుకని నా కూతుర్ని పామిడి స్కూల్లో దింపి రావడం నాయన పని. "బండి ఎట్లాగూ పోతాంది గదా" అని ఇరుగుపొరుగు పిల్లలనూ ఎక్కించుకుంటాడు. మా ఎదురింటి టైలరు తన కూతుర్ని ఎక్కిస్తూ రోజూ ఒకటే మాట అంటాడు. "నీ బండ్లో ఉంటే నాకు దిగుల్లేదు మామా." ఆ మాట విని మా నాయన ఇంకో రొట్టె ఎక్కువ తింటాడు.

ఆ ఆదివారం మాత్రం స్టీరింగ్ నా చేతికి వచ్చింది. ముందురోజు చేలో ఉలవ కోస్తూ నాయన కొడవలితో అరచేయి తెగ్గోసుకున్నాడు. కట్టు మార్పించడానికి పామిడి తీసుకుపోతున్నాను. నేను ఆ బండి తోలి చాలా కాలమైంది. స్టీరింగ్ అటూ ఇటూ ఊరికే ఊగుతోంటే పాతబండి కదా అని సర్దుకున్నాను. వంతెన దగ్గర తెలిసింది ఎంత సర్దుకున్నానో.

కట్టు సంగతి తర్వాత అనుకుని, నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోనిచ్చి మెకానిక్ షెడ్డు ముందు ఆపాను. మెకానిక్ నాయనకు బాగా తెలిసినవాడు. నోరు పెద్దది. చెయ్యి ఇంకా తొందర. బండి దగ్గరికి వస్తూనే స్క్రూడ్రైవర్ తీశాడు.

"స్టీరింగ్ బాక్స్ లూజైంటాది అక్కా. స్క్రూ రోంత బిగిస్తే సరిపోతాది."

"పోయిన నెలా అదే బిగించినావంట గదా. అంతకుముందూ అదే. బాక్సులో ఇంకేం మిగిలిందని బిగిస్తావు అన్నా?" అని అరిచాను. "నేను ఇప్పుడే చచ్చి బతికొచ్చినా. కిందికి దూరి చూడు. చూసేదాకా ఈడ్నించి కదిలేది లేదు."

ఆయన నాయన వైపు చూశాడు. నాయన నవ్వాడు. "చూడప్పా, లేకుంటే మనిద్దర్నీ బతకనీదు."

చూసే పద్ధతి సులువే. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడించాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి, కదలిక ఎక్కడిదాకా పోతోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. నాయన బాగున్న చేత్తో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. మెకానిక్ గోనెపట్టా పరిచి కిందికి దూరాడు. నేను చక్రం పక్కన గొంతుక్కూర్చుని టార్చి పట్టాను.

స్టీరింగ్ బాక్స్ కదులుతోంది. దానికున్న ఇనప చెయ్యి కదులుతోంది. ఆ చెయ్యి నుంచి చక్రాల వైపు పోయే పొడుగు రాడ్డూ కదులుతోంది. ఆ రాడ్డు చివర చక్రానికి కలిసే చోట మాత్రం జాయింటు కనబడలేదు. అక్కడ కొబ్బరికాయంత ముద్ద ఉంది. నల్లగా, గ్రీజూ మట్టీ పట్టి, గట్టిగా. రాడ్డు ఇంతెత్తున ఎగిరి పడుతోంది గానీ చక్రం కదలడం లేదు.

"ఇదేంది? రబ్బరా?" అన్నాను.

మెకానిక్ వేలితో గోకాడు. ఒక పీచు ఊడింది. వాసన చూసి, "ఉలవ తీగ," అన్నాడు.

మా వైపు ఇప్పుడు నూర్చే కళ్ళాలు ఎవరికి ఉన్నాయి గనక? ఉలవ కోసి, ఎండబెట్టి, తారురోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కితే గింజలు రాలిపోతాయి. ఆ రోడ్డు మీద బండ్లు తక్కువగా తిరిగితే, సొంత బండి ఉన్నవాడు దాన్నే ముందుకూ వెనక్కూ తోలి నూర్పిడి కానిస్తాడు. మా నాయన ఏటా మా పెద్దబండితో మా ఉలవలే కాదు, అడిగిన వాళ్ళందరి ఉలవలూ తొక్కించి పెడతాడు. తీగలు పోయి అడుగున కనబడిన ప్రతి రాడ్డుకూ చుట్టుకుంటాయి. ఇది తెలియని వాళ్ళు మా ఊళ్ళో లేరు. అయినా ఎవరూ మానరు.

మెకానిక్ కత్తి తీసి ముద్దను కోయడం మొదలుపెట్టాడు. పొరలు పొరలుగా రాలింది. సగం కోశాడో లేదో, రాడ్డు చివర జారి ఠంగుమని నేల మీద పడింది.

మెకానిక్ గబుక్కున తల పక్కకు లాక్కున్నాడు. నేను వెనక్కి కూలబడ్డాను. రాడ్డును చక్రానికి పట్టి ఉంచే బోల్టుకు నట్టు లేదు. నట్టు ఊడకుండా దూర్చి వంచే పిన్నూ లేదు. పిన్ను దూర్చే బెజ్జంలో తుప్పు పట్టిన ఇనప కట్టుతీగ ముక్క ఒకటి మిగిలి ఉంది. నట్టు ఎప్పుడు ఊడిపోయిందో, ఏ రోడ్డు మీద పడిపోయిందో దేవుడికే తెలియాలి. ఇన్నాళ్ళూ ఆ స్టీరింగ్‌నూ చక్రాలనూ కలిపి పట్టుకున్నవి ఉలవ తీగలు! ఒట్టి తీగలు!

పైన నాయనకు ఇవేమీ తెలియవు. స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతూనే ఉన్నాడు. "ఏమప్పా, ఇంగా తిప్పల్నా?" అని అడిగాడు. నా కళ్ళముందు చక్రాలు రెండూ బండరాళ్ళలా కదలకుండా ఉన్నాయి. ఆయన తిప్పుతున్నాడు, అవి కదలడం లేదు. శుక్రవారం పొద్దున అదే సీట్లో కూర్చుని, వెనక పిల్లలు గోలచేస్తుంటే, అదే వంతెన దాటాడు.

"నాయనా, ఆపు," అన్నాను. "దిగొచ్చి చూడు."

నాయన దిగి వంగి చూశాడు. రాడ్డును చూశాడు, చక్రాన్ని చూశాడు. కట్టుతీగ ముక్కను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"పోయిన పంటకు నేను కట్టింటి," అన్నాడు మెల్లగా. "సగం నూర్పిడిలో తీగలు పెరికేటప్పుడు పిన్ను ఇరిగిపోయింది. అప్పటికి కట్టుతీగ దూర్చినా. మళ్ళా కొత్త పిన్ను ఏపిస్తామని మర్సిపోయినా."

మా ఇళ్ళలో కట్టుతీగ పట్టుకోని వస్తువు లేదు. మంచం కోడు, బోరు స్టార్టరు పెట్టె, గేటు గొళ్ళెం, బకెట్టు చెయ్యి, అన్నిటికీ అదే మందు. కానీ స్టీరింగ్‌కా నాయనా! పదిమంది కన్నబిడ్డలు ఎక్కే బండికా! అని షెడ్డు అదిరేలా అరిచాను. ఏమేమి అన్నానో నాకే గుర్తు లేదు. నాయన వంగి ఆ కట్టుతీగ ముక్కను పీకి పారేశాడు. మెకానిక్ నా వైపు చూడకుండా నట్ల డబ్బా ముందేసుకున్నాడు. రెండుసార్లు బాక్స్ స్క్రూ బిగించి, ఒక్కసారీ కిందికి దూరని పాపం ఆయనదీ ఉంది మరి.

సాయంత్రానికల్లా కొత్త జాయింటు, కొత్త నట్టు, అసలైన పిన్ను పడ్డాయి. అక్కరలేకుండా బిగించిన బాక్స్ స్క్రూను మళ్ళీ సరైన చోటికి వదిలారు. మిగతా జాయింట్లన్నీ కడిగి చూశారు. ఈలోపు నాయన చేతి కట్టు కూడా మార్పించాను. తిరిగి వచ్చేటప్పుడు వేలితో ఇలా అంటే అలా తిరిగింది బండి. ఆ సుఖానికి నాకు ఏడుపొచ్చింది.

దారిలో నాయనతో ఒకటే చెప్పాను. "బాగైపోయింది. ఊళ్ళో ఎవరికీ అనొద్దు. లేనిపోని భయం వాళ్ళకెందుకు?" ఆయన కిటికీలోంచి ఎండు చేలు చూస్తూ కూర్చున్నాడు. రాత్రి అన్నం ముట్టలేదు.

సోమవారం నేను సెలవు పెట్టాను. నాయన చెయ్యి మానేదాకా నేనే తోలాలి. పిల్లలు వాళ్ళ పెద్దవాళ్ళతో వచ్చి ఎక్కారు. టైలరు తన కూతుర్ని ఎక్కించి, సంచీ అందించి, "ఈ పొద్దు అక్క తోల్తాందా మామా?" అన్నాడు. నాయన నా పక్క సీట్లో ఉన్నాడు. తలుపు తీసుకుని కిందికి దిగాడు. ఎందుకు దిగాడో నాకు అర్థమయ్యేలోపే మొదలుపెట్టాడు.

"అందరూ ఇనండప్పా. ఈ బండి స్టీరింగ్ ఊడిపోయి ఉన్నింది. నేను కట్టుతీగ కట్టినా. అదీ తెగిపోయి ఉలవ తీగలు పట్టుకోని ఉన్నింది. అట్లాంటి బండ్లోనే మీ పిల్లోళ్ళను తోల్కపోయినా. స్టీరింగ్ లూజని చేతికి తెలుస్తానే ఉన్నింది, పాత బండి అనుకున్నా. నిన్న బాగుచేపిచ్చినాం. ఎక్కిస్తారో మానుకుంటారో మీ ఇష్టం."

టైలరు చెయ్యి ఇంకా కిటికీ మీదే ఉంది.

"నిజమా మామా?"

"నిజమప్పా."

టైలరు సంచీ వెనక్కి తీసుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తలుపు తీసి, "దిగు బేటీ," అన్నాడు. కూతుర్ని బైకు మీద ముందు కూర్చోబెట్టుకుని పోయాడు. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ పిల్లల్ని దింపుకున్నారు. నాకు గుండె మండిపోయింది. కొత్త జాయింటు వేశాం, చూసుకోండి, నేనే తోలుతున్నాను అని కేకేయబోయాను. నాయన వచ్చి సీట్లో కూర్చుని, కట్టు ఉన్న చెయ్యి నా భుజం మీద వేశాడు.

"దింపుకోనీ పాపా. వాళ్ళ జాగాలో ఉంటే నేనైనా దింపుకుంటా."

బండి ఖాళీ అయింది. వెనక సీట్లో నా కూతురు ఒక్కతే సంచీ ఒళ్ళో పెట్టుకుని, పోతున్న పిల్లల్నీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"తాతా, నేను గూడా దిగల్లా?"

నాయన వెనక్కి తిరగలేదు. నేను తాళం తిప్పలేదు.