ఆషాఢంలో ఏడు పెళ్లిళ్లు

ఫోనంటే అరవాల్సిన వస్తువని అందరూ నమ్మిన రోజులవి. ఊరు ఎంత దూరమైతే గొంతు అంత పెంచేవాళ్లం. గుంటూరుకైతే ఒక మోస్తరుగా, హైదరాబాదుకైతే లేచి నిలబడి మరీ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అలాంటి ఒక అరుపు వల్ల నా ఉద్యోగం ఊడిపోబోయింది. ఇరవై రెండేళ్ల వయసులో నాకున్న ఆస్తల్లా రెండే, ఆ ఉద్యోగమూ, ముక్కుమీద కోపమూ. రెండోదాన్ని తగ్గించుకోమని అమ్మ రోజూ పోరేది. మొదటిదాన్ని కాపాడేది రెండోదేనని ఆవిడకేం తెలుసు పాపం.

పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడని చిన్న టౌనులో వ్యవసాయ శాఖ ఆఫీసు టైపిస్టుని నేను. చేరి ఎనిమిది నెలలు, ఇంకా పర్మనెంటు కాలేదు. మా పెద్దాఫీసరుగారిని వెనకాల అందరం మైకు సారు అనేవాళ్లం. మంచివాడే. కాకపోతే ఆయన గదిలో కూర్చుని మంచినీళ్లు అడిగితే ఆఫీసులో ముగ్గురు లేచేవాళ్లు. ఆ ఏడు తొలకరికి, నకిలీ పత్తి విత్తనాలు అమ్ముతున్న ఏడు కొట్లమీద ఒకే రోజు దాడి చేయాలని రహస్యంగా నిర్ణయమైంది. అంతకుముందు ఏడాది ఆ కొట్లలో ఒకదాంట్లో కొన్న విత్తనాలే వేసి మా పెద్దమామయ్య ఛాతీ ఎత్తు చేను పెంచాడు, ఒక్క కాయ పడలేదు. (చూడ్డానికి మాత్రం ఎంత పచ్చగా ఉండేదో. ఆ మాట ఆయన ముందే అనేసి అత్తయ్య చేత తిట్లు తిన్నాను.) అందుకని ఆ జాబితాని నేను యుద్ధానికి వెళ్తున్నట్టు టైపు చేశాను. తలుపేసుకుని, ఒక్కటే కాపీ కొట్టి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, వేలు కాల్చుకుని, సారు చేతిలో పెట్టాను.

మర్నాడు జీపు వెళ్లేసరికి ఏడు కొట్లకీ తాళాలు. ఏడింటికీ ఒకటే అట్ట, 'ఇంట్లో పెళ్లి వలన సెలవు' అని. ఆషాఢమాసంలో పెళ్లేంటండీ! కనీసం జ్వరమని రాసుకున్నా బాగుండేది. దాడి నీరుగారిపోయింది. జాబితా బయటికి ఎలా పొక్కిందని జిల్లా ఆఫీసు అడిగింది. టైపు చేసింది నేనొక్కదాన్నే కాబట్టి సాయంత్రానికల్లా నా బల్లమీద మెమో వాలింది. రహస్యాన్ని వెల్లడి చేసినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో చెప్పాలట.

అసలు సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. నేను కాల్చుకున్న వేలికి ఇంకా మంట తగ్గకముందే సారు ఆ ముద్ర పగలగొట్టి, పోలీసుల్ని తోడు పంపమని గుంటూరుకి ఫోను చేసి, ఏడు పేర్లూ ఒక్కోటీ రెండేసి సార్లు చదివారు. ఆయన కిటికీ రోడ్డుమీదికి తెరుచుకుంటుంది. ఎదురుగా సోడా బంకు. బంకు దగ్గర ఎప్పుడూ నలుగురు. అయినా ఆ మాట కాగితం మీద పెట్టే దమ్ము ఎవరికీ లేదు. అటెండరు బాబాయి నన్ను పక్కకి పిలిచి, "క్షమాపణ రాసిచ్చెయ్యమ్మా. పెద్దాళ్లతో మనకెందుకు" అన్నాడు. అమ్మ పెదకాకాని శివుడికి మొక్కుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. చెయ్యని తప్పుకి క్షమాపణ రాస్తే, రేపు మామయ్య లాంటి వాడు ఫిర్యాదు తెచ్చి నా పేరు బయటికి పొక్కకుండా చూడమ్మా అంటే ఏ మొహం పెట్టుకుని సరేనంటాను?

పదకొండు పేజీల సంజాయిషీ కొట్టాను. (నాలుగు పేజీలు చాలు. మిగతా ఏడింటిలో న్యాయం, ధర్మం వగైరాలు ఉన్నాయి.) తప్పు సారుదే అని రాశాను, విచారణ కావాలన్నాను. కానీ మా శాఖలో ఏ కాగితమైనా పైకి వెళ్లాలంటే పై అధికారి చేతుల మీదుగానే వెళ్లాలి. అంటే సారు మీద ఫిర్యాదుని సారే సంతకం పెట్టి పంపాలి! దాన్ని దాచలేదు, మడత పెట్టలేదు, సంతకాల దొంతరలో అన్నిటికంటే పైనే పెట్టాను. సారు టీ తాగుతూ, బాబాయితో వర్షాల గురించి మాట్లాడుతూ, 'పైవారికి సమర్పించడమైనది' అన్న ముద్ర కింద సంతకం గీకేశారు. ఆయన ఒక్క అక్షరం చదవలేదు.

పది రోజులకి గుంటూరు నుంచి విచారణకి కళ్లజోడు సారొకాయన వచ్చారు. నా పదకొండు పేజీలు చూసి మైకు సారు మండిపడితే, "మీరే పంపారు కదండీ" అన్నారాయన నెమ్మదిగా. తను మెల్లగానే చదివానని మైకు సారు వాదించారు. ఆ 'మెల్లగానే'కి గోడ మీద క్యాలెండరు ఊగింది. నేను లేచి, కళ్లజోడు సారుతో, "సార్, మీరు వెళ్లి సోడా బంకు దగ్గర కూర్చోండి. ఇక్కణ్ణుంచి సారు గుంటూరుకి ఇంకో జాబితా చదువుతారు" అన్నాను.

కళ్లజోడు సారు అప్పటికప్పుడు నోటికొచ్చిన ఏడు పేర్లు రాసిచ్చి వెళ్లి సోడా కొట్టించుకున్నారు. మైకు సారు జాగ్రత్తగానే మొదలుపెట్టారు, ఒప్పుకోవాలి. మొదటి పేరు గుసగుసే. అవతలివాడు "వినపడట్లేదండీ" అన్నాడు, అంతే. ఆ తర్వాత జరిగింది కళ్లజోడు సారు తన నివేదికలో రాసుకున్నారు. బంకు తాత ఆయనకి అలికిడి చేయొద్దని సైగ చేసి, "మళ్లీ ఏదో తనిఖీ అండీ. మూడో పేరు జారిపోయింది. ఉండండి, సారు రెండోసారి చెబుతారు" అన్నాడట.

కళ్లజోడు సారు వచ్చి ఆ మాట చెప్పాక గదిలో ఎవరూ నవ్వలేదు. మైకు సారు తలొంచుకుని ఏదో అన్నారు. నాకు వినపడక "ఏంటి సార్?" అన్నాను. "తప్పు నాదేనమ్మా. రాసిస్తాను" అన్నారు. ఫోన్లో ఆ మొదటి పేరు తప్పిస్తే, ఆయన మెల్లగా మాట్లాడగా విన్నది అదొక్కసారే. రాసిచ్చారు కూడా. నా మెమో రద్దయింది, ఆయన మీద అభియోగపత్రం వచ్చింది, బదిలీ అయింది. శ్రావణంలో, నిజం పెళ్లిళ్ల మధ్య, మళ్లీ దాడి చేసి మూడు కొట్లు మూయించారు. మామయ్య విత్తనాలు కొన్న కొట్టూ అందులో ఉంది.

ఇప్పుడు నేనూ అలాంటి కుర్చీలోనే కూర్చుంటున్నాను. మొన్న వానల్లో సెల్‌ఫోను సిగ్నలు సరిగా అందక, తనిఖీకి వెళ్లాల్సిన ఊళ్ల పేర్లు గట్టిగా, రెండేసి సార్లు, వరండాలో నిలబడి చదివాను. లోపలికొచ్చేసరికి కొత్తగా చేరిన టైపిస్టు పిల్ల నా బల్లమీద తెల్లకాగితం, పెన్ను పెట్టి నిలబడి ఉంది. చూపు దించలేదు. ఎందుకని అడగలేదు. తప్పు నాదేనని నాలుగు ముక్కలు రాసిచ్చాను. సాయంత్రం ఆ కాగితం, దానికి ఆ పిల్ల తన తరఫున జతచేసిన ఆరు పేజీలతో సహా, నా ముందుకే సంతకానికొచ్చింది. నేను మాత్రం అన్నీ చదివాకే సంతకం పెట్టి పైకి పంపాను.