అడవి బడిలో ఇంటర్వెల్ గంట

పోయిన వారం మా ధర్మకాంటలో చీటీలు కొట్టే మిషన్ పాడైంది. పత్తి లారీలు గేటు బయట వరస కట్టి ఉన్నాయి, తూకం ఆపడానికి వీల్లేదు. అందుకని అటక మీద ఏళ్లుగా పడి ఉన్న పాత రసీదు పుస్తకాన్నీ, దాని పక్కనే ఉన్న కార్బన్ కాగితాల డబ్బానూ కిందికి దింపాను. మూత తీయగానే వాసన వచ్చింది. కొంచెం మైనం, కొంచెం కిరసనాయిలు, కొంచెం కొత్త చెప్పులు కలిపినట్టుండే ఆ వాసన నా వయసులోంచి ఇరవై మూడేళ్లు ఒక్కసారిగా తీసివేసింది. పద్నాలుగేళ్ల పిల్లనై, మా మేనమామ సత్తెయ్య టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చున్నాను.

ఆ మెట్లు ఏడు. లోపల మిషన్లు తొమ్మిది, అందులో తెలుగువి రెండే. నల్లమల వైపు పోయే బస్సులు ఆగే చిన్న ఊరు మాది. పొద్దున ఇంగ్లీషు మిషన్ల మీద పరీక్షలకు తయారయ్యే పిల్లల టకటకలు, ఎండెక్కాక అత్త వంటింట్లోంచి వచ్చే చింతపండు చారు వాసన, రోడ్డు మీద ఎండబెట్టిన పల్లికాయ మీద నుంచి కోళ్లను తోలే అరుపులు, ఇవన్నీ కలిసి మెట్ల దాకా వచ్చేవి. నేను అక్కడ కూర్చుని గచ్చకాయలు ఎగరేస్తూ ఎన్నిసార్లు కింద పడకుండా పట్టానో లెక్కపెట్టుకునేదాన్ని. అమ్మానాన్నలు చెరకు కోతలకు వలస పోయినప్పుడల్లా నన్ను మామ దగ్గరే వదిలేవారు. ఏడాదిలో ఏడు నెలలు నేను అక్కడే ఉండేదాన్ని.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు హక్కుల సంఘం శాఖ ఒకటి ఉండేది. దానికి బోర్డు లేదు, గది లేదు. మా మామే దాని కార్యదర్శి, ఆయన ఇన్‌స్టిట్యూటే ఆఫీసు. ఎవరినైనా పోలీసులు పట్టుకుపోయి కోర్టులో చూపించకపోతే ఇంటివాళ్లు మామ దగ్గరికి వచ్చేవారు. మామ వాళ్లను మూడు ప్రశ్నలు అడిగేవాడు: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూసిండ్రు. జవాబులు దొరికాక జడ్జిలకూ పెద్ద ఆఫీసర్లకూ ఇంగ్లీషులో టెలిగ్రాములు పోయేవి, వాటి వెనకే తెలుగులో ఉత్తరం పోయేది. ఉత్తరానికి ఐదు ప్రతులు. ఆరో ప్రతి తీస్తే అక్షరాలు కనిపించవు. కాగితాల మధ్య నాలుగు కార్బన్లు మడత పడకుండా పెట్టడం నా పని.

మామకు ‘సుమారు’ అన్న మాట పడదు. ఉత్తరంలో ఆ మాట వస్తే కాగితం పీకి మళ్లీ కొట్టేవాడు. అత్త దాని మీద ఎప్పుడూ ఎత్తిపొడిచేది. “ఉప్పు ఎంతేసినవంటడు. సుమారుగ ఏసిన అంటే పల్లెం ముట్టడు. గిట్లాంటోనికి మా అయ్య నన్నెట్లిచ్చిండో!”

“సుమారుగ సూసిచ్చిండు,” అనేవాడు మామ, తల ఎత్తకుండా.

ఆ ఏడాది మార్చి ఎండలు తొందరగా ముదిరాయి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మా హైస్కూలు పదో తరగతి పరీక్షలకు సెంటర్ కాబట్టి మాకు బడి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి. పొద్దంతా మెట్ల మీద ఆడుకోవడం, పదకొండుంబావుకు అత్త స్నానానికి పిలవడం, తిని బడికి పోవడం. ఉగాదికి రెండు రోజుల ముందు నేను బడి నుంచి వచ్చేసరికి, సాయంత్రం ఐదున్నర బస్సు దిగిన ఒక ముసలమ్మ మెట్ల కింద నిలబడి ఉంది. పేరు లింగమ్మ. అడవిలోపలి చెంచుల పెంట నుంచి, అంటే వాళ్ల చిన్న గూడెం నుంచి వచ్చింది. కొంగులో సారపప్పు మూట కట్టుకొచ్చింది, ఇక్కడ ఏదైనా ఇవ్వాలేమోనని. సంఘం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదని మామ చెప్పినా ఆమె ఆ మూట విప్పలేదు, వెనక్కి దాచుకోలేదు, పిడికిట్లో పట్టుకునే మాట్లాడింది.

“కొడుకును జీపులేస్కపోయిండ్రు సారూ. గురువయ్య. తేనె సీసాలు పట్టుకొని రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డడు. నిలబడ్డోన్ని నిలబడ్డట్టే ఎత్తుకపోయిండ్రు. అడివిల ఎవలకో బువ్వ పెట్టినవట గదరా అనుకుంట.”

“ఎప్పుడమ్మా?”

“ఇయ్యాల్నే, పొద్దుగాల.”

“పొద్దుగాలంటే ఎంతకు?”

“గడియారం నాకేం తెలుస్తది? అక్కడ బడి ఉన్నది. పోరగాండ్లను ఒంటికిడిసే గంట కొట్టిండ్రు, అందరు బయటికురికిండ్రు. ఆళ్ల ముంగటనే నూకిండ్రు జీపుల. ముంగటి అద్దం పగిలిన జీపు.”

ముందు అద్దం పగిలిన జీపు మా ఊరి ఠాణాకు ఒక్కటే ఉందని ఊరందరికీ తెలుసు. ఇక కావాల్సింది సమయం. మామ నా వైపు చూశాడు.

“ఏమే లెక్కల పిల్లా, ఇంటర్వెల్ గంట ఎంతకు?”

“పదకొండుంబావుకు మామా.”

“సుమారుగనా?”

“కాదు. సరిగ్గ పదకొండుంబావు.”

పక్కన ఖాదర్ సార్ ఉన్నాడు. ముప్పై ఏళ్లు పంతులుగా చేసి రిటైరై సంఘంలో చేరినవాడు. “సర్కారు బడులన్నిటికి ఒక్కటే గంట. రాయి సత్తెయ్యా,” అన్నాడు. ఇద్దరు చెప్పినట్టయింది. సంఘం నియమం ప్రకారం ఇద్దరు చెబితే చాలు. నేను నాలుగు కార్బన్లు పెట్టాను, నా అంకె కాగితం మీదికి ఎక్కుతుంటే కళ్లార్పకుండా చూశాను. టెలిగ్రాములు ఆ సాయంత్రమే పోయాయి.

ఆ రోజుల్లో జీపెక్కినవాళ్లు కొందరు కోర్టుకు వచ్చేవారు, కొందరు పేపర్లో ఫోటోగా వచ్చేవారు. ఈ రెండింటికీ మధ్య ఉండేది కొన్ని రోజులే. ఎన్ని రోజులని ఎవరూ చెప్పలేరు, మామ కూడా.

మర్నాడు పది గంటలకు ఎస్సై స్వయంగా వచ్చాడు. టైపు నేర్చుకునే పిల్లలు మిషన్లు వదిలి గోడకు జరిగారు. ఆయన ఒక స్టూలు లాక్కుని కూర్చుని, ఏదో మీట నొక్కి, అక్షరం ఎగిరి కాగితాన్ని కొడితే నవ్వాడు.

“ఏం సత్తెయ్యా, టెలిగ్రాములు మస్తు కొడుతున్నవట. పదకొండుంబావుకు మా జీపు అడివిల ఉన్నదా? పదకొండుంబావుకు అది ఠాణాల నిలబడ్డది, డైరీల ఎక్కింది. నీ దుకాణం ముంగట్నించే పోయింది గదయ్యా, గుడ్డోనివా?”

నా చేతిలోని గచ్చకాయ జారింది. ఆయన చెప్పింది నిజం. ముందురోజు జీపు మెట్ల ముందు నుంచి దుమ్ము లేపుతూ పోయింది. అది రోజూ పోయే జీపే కాబట్టి పట్టించుకోలేదు. ఆ దుమ్ము ఇంకా కింద పడకముందే అత్త నన్ను స్నానానికి పిలిచింది.

“దొంగ టెలిగ్రాం కొట్టినందుకు నీ మీదనే కేసు రాస్త,” అన్నాడు ఎస్సై.

మామ ముఖం పాలిపోయింది. అయినా ఎన్నో ఏళ్ల అలవాటు నోటి నుంచి దానంతట అదే వచ్చింది. “మంచిది సార్. జీపు పదకొండుంబావుకు ఠాణాకొచ్చిందని జర కాయితం మీద రాసియ్యరాదుండ్రి?”

“నువ్వే టైపు గొట్టు. సంతకం నేను పెడత.”

మామ రెండు వాక్యాలు కొట్టాడు. కార్బన్లు నేనే పెట్టాను, రెండోది మడత పడింది. ఎస్సై ఐదు ప్రతుల మీదా నవ్వుతూ సంతకాలు చేశాడు. ఐదో ప్రతి మసగ్గా ఉందని దాని మీద అంకెను పెన్నుతో మళ్లీ దిద్ది మరీ ఇచ్చాడు. ఆ మాటకు వస్తే, మాకంటే ఆయనే ఎక్కువ జాగ్రత్తగా ఉన్నాడు.

ఆయన పోయాక లింగమ్మ లేచి నిలబడింది. “ఆ సారు నవ్విండు. నా కొడుకు ఉన్నట్టా, లేనట్టా?”

మామ ఆ సంతకాల ప్రతి ఒకటి సంచిలో పెట్టి, “బడి కాడికే పోయి అడుగుదామమ్మా, పొద్దుగాల బస్సుకు,” అన్నాడు.

మర్నాడు ఉగాది. అడవి వైపు బస్సు నడవలేదు. ఉగాది అంటే మా ఇంట్లో వేపపువ్వు ఏరడం, మామిడికాయ కోరడం, కొత్త కుండలో పచ్చడి కలపడం, శనగపప్పు బెల్లం పూర్ణం పెట్టి అత్త పెనం మీద నేతితో కాల్చే బచ్చాలను నేను లెక్కపెట్టడం. ఏటా నలభై అయ్యేవి. ఆ ఏడాది ఇరవై రెండింటికే అత్త పిండి పక్కన పెట్టేసింది. లింగమ్మ మెట్లు దిగలేదు. విస్తరిలో రెండు బచ్చాలు పెట్టి అత్త ఆమె ముందు కూర్చుంటే, ఆమె తన మూట విప్పి గుప్పెడు సారపప్పు అత్త ఒళ్లో పోసి, అప్పుడు ఒకటి తుంచింది. మామ చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఖాదర్ సార్ మధ్యాహ్నం వచ్చి, పచ్చడి నాకి, “ఈసారి చేదే ఉన్నది బేటీ,” అని వెళ్లిపోయాడు. వీధిలో జీపు చప్పుడైన ప్రతిసారీ అందరం ఒకేసారి అటు తిరిగేవాళ్లం. సాయంత్రం దాకా నాలుగుసార్లు తిరిగాం.

ఆ మర్నాడు ఆరూ నలభై ఐదు బస్సుకు మామ, ఖాదర్ సార్, లింగమ్మ, ఆడవాళ్లతో మాట్లాడటానికి అత్త, అత్తతో నేను బయల్దేరాం. దారి పొడవునా కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి, ఇప్పచెట్ల కింద పొద్దున్నే పువ్వు ఏరుకునేవాళ్ల బుట్టలు కనిపించాయి. మరో రోజైతే వాటినీ లెక్కపెట్టేదాన్ని. బడి దగ్గర దిగేసరికి యాభై నాలుగు రాళ్లు దాటాం. బస్సుకు రెండు గంటల ఐదు నిమిషాలు పట్టింది.

గంటసేపు ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాక, మామ రోడ్డు పక్కన టీకొట్టు ఆయన్ను అడుగుతున్నాడు. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “అవు, చూసిన. గంట కొట్టంగనే,” అంటున్నాడు. సరిగ్గా అప్పుడు బడిలో గంట కొట్టారు. పిల్లలు అరుచుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చి, గోడ పక్కన వరసగా కూర్చున్నారు.

మామ చెయ్యి ఎత్తి గడియారం చూసుకున్నాడు. పదికి పది నిమిషాలు తక్కువ.

“మామా, ఒంటిపూట బడి,” అన్నాను. పరీక్షల సెంటరుగా మా బడి మధ్యాహ్నానికి మారడంతో పొద్దుటిపూట ఇంటర్వెల్ అంటే నా తలలో ఏడాది పొడవునా ఉండే పదకొండుంబావే మిగిలింది. అడవి బడి పొద్దున ఎనిమిది కాకముందే మొదలవుతుందని, దాని ఇంటర్వెల్ కూడా ముందుకు జరుగుతుందని నాకు తట్టలేదు. అక్కడి పంతులు వచ్చి పదిహేను రోజులుగా అదే సమయమని చెప్పాడు. ఖాదర్ సార్ నుదురు కొట్టుకున్నాడు. “ముప్పై ఏండ్లు పంతులు పని చేసిన. థూ, నా బతుకు!”

మామ టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. సంచిలోంచి ఎస్సై సంతకం చేసిన కాగితం తీసి, దాని వెనక లెక్క వేశాడు. జీపు గంటకు నలభై చొప్పున యాభై నాలుగు కిలోమీటర్లకు ఎనభై ఒక్క నిమిషాలు. తొమ్మిదీ యాభైకి ఎనభై ఒకటి కలిపితే పదకొండూ పదకొండు. కాగితంలో ఉన్నది పదకొండుంబావు. మిగిలిన నాలుగు నిమిషాలు జీపు దిగి, లోపలికి పోయి, డైరీలో రాసుకోవడానికి పడతాయి. జీపు అడవిలో లేదని చూపడానికి ఎస్సై ఇచ్చిన కాగితమే, ఆ జీపు గురువయ్యను ఎక్కడికి తెచ్చిందో చెబుతోంది.

“మొదటి టెలిగ్రాం ఊసెత్తకు సత్తెయ్యా,” అన్నాడు ఖాదర్ సార్. “తప్పైందని మనమే రాస్తే నవ్వుతరు.”

“నవ్వనీయి. రాయకుంటే మన నోట రెండు టైములైతయి. రెండు టైములు చెప్పినోన్ని ఎవడు నమ్ముతడు సార్?”

మధ్యాహ్నం రెండింటికి ఊరు చేరి రెండో టెలిగ్రాములు పంపాం. ఉత్తరం కోసం మామ కొత్త కార్బన్ల కట్ట విప్పాడు. మొదటి వాక్యం ఇది: ‘ఇంతకుముందు మేము తెలిపిన సమయం తప్పు. తప్పు మా సంఘానిదే.’ నేను అడిగాను, నా పేరు ఎందుకు రాయలేదని. “అడిగింది మేము. పోయి సరిచూడాల్సింది మేము. నువ్వు కార్బన్ సక్కగ పెట్టు,” అన్నాడు.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు గురువయ్యను కోర్టుకు తెచ్చారు, ఆ పొద్దున్నే పట్టుకున్నామని చెప్పి. లింగమ్మ కోర్టు అరుగు మీద పరుగెత్తి కొడుకు మొహం రెండు చేతులతో తడిమి చూసింది. అతనికి ఇరవై రెండేళ్లు. కుడిచేతి వేళ్లు మూడు ముడుచుకోవడం లేదు. కొండచరియ మీద నుంచి తాడుకు వేలాడి తేనె తీసే చెయ్యి అది.

తర్వాత బెయిలు మీద వచ్చినప్పుడు ఇన్‌స్టిట్యూట్‌లో అతని మాటలు రాసుకున్నాం. మామ మళ్లీ అదే అడిగాడు, ఎప్పుడని.

“మొదటి దినం ఏమనలే సారూ. రెండో దినం గూడ ఉత్తగనే కూసోపెట్టిండ్రు. బయటంతా పండుగ సప్పుడుండె సూడు, గా దినం కొట్టిండ్రు.”

నేను కార్బన్లు పెడుతున్నాను. మొదటి టెలిగ్రాముకూ రెండోదానికీ మధ్య మూడు రోజులు. అందులో ఉగాది ఉంది. మొదటిసారే సరైన సమయం పోయి ఉంటే అతను ఉగాదికి ముందే వచ్చేవాడా అన్నది నేను ఎన్ని రకాలుగా లెక్క వేసినా తేలలేదు. వచ్చేవాడు కాదని కూడా తేలలేదు.

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. తూకాలు, కొలతలు, కాలం దూరం లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. రోడ్డు ఎత్తు పెరిగి ఏడు మెట్లలో మూడే మిగిలాయి. మిషన్లు పాత ఇనుముకు పోయాయి, టెలిగ్రాములు ఆగిపోయాయి, కిలోమీటరు రాళ్లు రోడ్డు వెడల్పులో కొట్టుకుపోయాయి. ఖాదర్ సార్ పోయాడు, నాలుగేళ్ల కిందట మామ పోయాడు. శాఖ తరఫున ఎవరూ ఇప్పుడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారని అడుగుతూ బస్సెక్కడం లేదు. గురువయ్య తేనెకు మళ్లీ పోలేదు. రోడ్డు మీది ఆ ఊళ్లోనే మేకలు కాస్తున్నాడని విన్నాను.

ఆ రోజు వాడిన కొత్త కార్బన్లలో ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని మళ్లీ వాడనివ్వకుండా లెక్కల పుస్తకంలో దాచుకున్నాను. లారీలు తూచడం అయ్యాక ఇంటికొచ్చి తీసి, కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. అక్షరాలు పడ్డచోట నలుపు ఊడిపోయి, సన్నటి వెలుగులో వాక్యాలు కనిపిస్తాయి. సమయం తప్పు. తప్పు మా సంఘానిదే. అక్కడి నుంచి కింద సంతకం దాకా పద్దెనిమిది వరుసలు. నా పేరు లేదు. లేదని తెలిసే, ప్రతిసారీ చివరి వరుస దాకా వెతుకుతాను.