నలుగురికి మూడు ప్లేట్లు

మా ఆఫీసు నుంచి ఎవరు థీమ్ పార్కుకి వెళ్ళినా, అక్కడ ఎంతకి తినాలో చెప్పి పంపేది నేనే. బహ్రెయిన్‌లో, సీఫ్‌లోని ఒక ట్రావెల్ ఆఫీసు కౌంటర్లో ఆరేళ్ళుగా కూర్చుంటున్నాను. ఈద్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మనవాళ్ళూ మలయాళీలూ ఫిలిప్పీన్స్ వాళ్ళూ పిల్లల్ని వెంటేసుకుని దిగిపోతారు. దుబాయి పార్కులకి విమానం టికెట్లు, హోటలు, వీసా, పాసులు అన్నీ మేమే చూస్తాం. అవన్నీ ఒక ఎత్తు, మీల్ ప్లాన్ ఒక్కటీ ఒక ఎత్తు. ఇంకా తినని తిండికి ఇప్పుడే డబ్బు కట్టడమంటే మనవాళ్ళకి ఒక పట్టాన మింగుడుపడదు.

అందుకని దాన్ని విడమరిచి చెప్పే పని నాకు అప్పగించారు. పొద్దున టిఫిను హోటల్ గదితో పాటే వస్తుంది, దాన్ని లెక్కలో వేయకండి అని మొదలుపెడతాను. ప్లాన్ అంటే పార్కులో మధ్యాహ్నం ఒక ప్లేటు, సాయంత్రం ఒక ప్లేటు, రోజంతా ఎన్నిసార్లయినా నింపుకునే డ్రింకు సీసా. పెద్దవాళ్ళకి రోజుకి పద్నాలుగు దీనార్లు, పిల్లలకి ఎనిమిది. విడిగా కొంటే లోపల ఏ ప్లేటయినా ఆరేడు దీనార్లకి తగ్గదు, ఆ ఎండకి తాగే నీళ్ళకే మూడో నాలుగో అవుతాయి. రెండు పూటలా లోపలే తినేవాళ్ళకి ప్లాన్ గిట్టుబాటు. సాయంత్రం బయటికొచ్చి మన హోటల్లో దోసె తిందాం అనుకునేవాళ్ళకి దండగ. శాకాహారులైతే ముందే మెనూ చూసుకోమంటాను, ఆలుగడ్డ వేపుళ్ళు తిన్నా చికెన్ తిన్నా రేటు ఒకటే కాబట్టి. తినకపోతే డబ్బు వెనక్కిస్తారా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఇవ్వరు.

వయసు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. తొమ్మిదేళ్ళ దాకా పిల్లల రేటు, పది నిండితే పెద్దవాళ్ళ రేటు. పాపకెన్నేళ్ళండీ అని అడిగితే మనవాళ్ళు పదో ఏడంటారు. పదో ఏడు నడవడం వేరు, పదేళ్ళు నిండడం వేరు. ఆ ఒక్క మాటకి మూడు రోజుల మీద పద్దెనిమిది దీనార్లు ఎగిరిపోతాయి. అందుకే నేను నోటిమాట నమ్మను, పాస్‌పోర్టు చూసి గాని రేటు చెప్పను.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది షేరింగ్ సంగతి. పార్కులో ప్లాన్ ఉన్న మనిషికో చేతిపట్టీ కడతారు. కౌంటర్లో ఆ పట్టీని స్కాన్ చేసి ప్లేటు ఇస్తారు, ఒకరి ప్లేట్లో ఇంకొకరు తినకూడదు. ఒకసారి ఇక్కడి గలాలీ నుంచి ఒక తెలుగావిడ వచ్చింది, ముగ్గురు పిల్లల తల్లి. భర్తకీ పిల్లలకీ ప్లాన్ తీసుకుని తనకి మాత్రం వద్దంది. పిల్లలు వదిలిందే బోలెడుంటుంది కదండీ అంది. అలా కుదరదండీ, అక్కడ పట్టుకుంటే పరువు పోతుంది అని పావుగంట క్లాసు పీకాను. ఆవిడ మొహం మాడ్చుకుని అయిదో ప్లాన్ కూడా తీసుకుని వెళ్ళింది. నా పని నేను బాగా చేశానని ఆ రోజు సంతోషించాను కూడా.

తీరా మా సొంత ప్రయాణం వచ్చేసరికి, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

ఆ పార్కు చూపిస్తామని మూడేళ్ళుగా పిల్లలకి మాటిస్తూ వచ్చాం. మా ఆయన ఒక కట్టడాల కంపెనీలో క్వాంటిటీ సర్వేయరు. ఏ బిల్డింగుకి ఎంత సిమెంటు పడుతుందో, ఎంత ఇనుము పడుతుందో లెక్క కట్టడం ఆయన పని. ఇంటి లెక్కలు మాత్రం నావి. తుబ్లీలో మా ఫ్లాటు కింద వరసగా మెకానిక్ షెడ్లున్నాయి, మామూలు రోజుల్లో ఆ సుత్తుల మోతకి నాకు కూడికలు తెమలవు. శుక్రవారం షెడ్లు మూసి ఉంటే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఆఫీసు మనిషిని కాబట్టి హోటల్లోనూ పాసుల్లోనూ నాకు తగ్గింపు వచ్చింది, మీల్ ప్లాన్‌లో మాత్రం పైసా తగ్గించలేదు. నలుగురికి మూడు రోజులకి నూట ముప్పై రెండు దీనార్లు. నన్ను తీసేస్తే తొంభై. మిగిలే నలభై రెండూ మన రూపాయల్లో పదివేలకి అటూ ఇటూగా ఉంటుంది, మా ఇంటికి నెల రోజుల పాలూ కూరగాయలూ వస్తాయి.

చిన్నవాడికి ఆరేళ్ళు, ఏది పెట్టినా సగం తిని లేచిపోయే రకం. పెద్దదానికి తొమ్మిది, అది మాత్రం ప్లేటు కడిగినట్టు తింటుంది. పొద్దున హోటల్లో టిఫిను గట్టిగా తిని, చిన్నవాడు వదిలిన సగానికి మా ఆయన ప్లేట్లోంచి రెండు చెంచాలు కలుపుకుంటే నాకు చాలనుకున్నాను. కాగితంలో నా పేరున్న గడి మీద పెన్నుతో అడ్డంగా గీశాను. పెద్దది అదే బల్ల దగ్గర కూర్చుని బొమ్మకి రంగులు వేసుకుంటోంది.

మా ఆయన కాగితం చూసి నవ్వారు. సైట్లో ఇనుముకి తరుగు అయిదు శాతం వేస్తాం, నువ్వు తిండికి యాభై శాతం వేసి ఆ తరుగే నీ భోజనం అంటున్నావు అని వేళాకోళమాడారు. తర్వాత, "నీక్కూడా తీసేసుకో, మళ్ళీ అక్కడ ఇబ్బంది పడతావు" అన్నారు. వాడు వదిలింది పారేస్తామా ఏంటండీ అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఒకసారి అడిగితే అడిగినట్టే అని ఆయన లెక్క. వద్దన్నది నేనే కాబట్టి ఆయన్ని అనడానికి లేదు గాని, రెండోసారి కూడా అడిగి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

త్యాగం చేశానని చెప్పుకోవడం లేదు. పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే, అందరూ తిన్నాక గిన్నెలో ఏం ఉంటే అది వేసుకోవడం నాకు అలవాటు. అందులో బాధేమీ తెలియదు. పైపెచ్చు నలభై రెండు దీనార్లు మిగిల్చానన్న గర్వం ఒకటి. మరి ఆఫీసులో అందరికీ చెప్పే రూలో అంటే, పిల్లలు వదిలింది తల్లి తింటే అది షేరింగ్ ఎలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గలాలీ ఆవిడ సంగతి నాకు గుర్తే రాలేదు.

మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపింది మా ఆఫీసు డ్రైవరు. నిజామాబాద్ వైపు మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. వాళ్ళవైపు గల్ఫ్ మొత్తానికీ దుబాయే పేరు. సామాను దించుతూ, "దుబాయిలనే ఉన్నం గద మేడం, మళ్ల దుబాయికి పోవుడేంది?" అన్నాడు. విమానం ఎక్కేదాకా పిల్లలు ఆ మాటే చెప్పుకుని నవ్వారు.

మొదటి రోజు పార్కు గేటు దగ్గర మూడు నీలం పట్టీలు కట్టారు. మధ్యాహ్నం మూడు ప్లేట్లు వచ్చాయి, మా ఆయనకి చికెనూ అన్నమూ, పిల్లలిద్దరికీ పాస్తా. పిల్లల ప్లేటంటే పెద్దవాళ్ళ దాంట్లో సగం ఉంటుందంతే. చిన్నవాడు నేను అనుకున్నట్టే సగం తిని జారుకున్నాడు. విచిత్రంగా పెద్దది కూడా సగంలో ఆపేసి ప్లేటు నా వైపు జరిపింది. రైడ్లు ఎక్కాలన్న ఆత్రం అనుకున్నాను. రెండు సగాలు కలిపి తింటే నా కడుపు నిండింది. నా లెక్క చూశారా అన్నట్టు మా ఆయన వంక చూశాను. సాయంత్రమూ అలాగే జరిగింది.

రెండో రోజు భోజనమైన గంటకి పెద్దది పాప్‌కార్న్ కొనిపెట్టమంది. పాప్‌కార్న్ ప్లాన్‌లో లేదు. ప్లేట్లో పెట్టింది వదిలేసి చిరుతిళ్ళు అడుగుతావా, డబ్బు విలువ బొత్తిగా తెలియకుండా పోతోంది నీకు అని నలుగురిలో కసిరాను. అది వెళ్ళి సీసాలో మళ్ళీ జ్యూసు నింపుకుని వచ్చింది. రోజంతా ఆ సీసా దాని చేతిలోనే ఉంది. కట్టిన డబ్బంతా ఇదొక్కతే రాబడుతోందని మా ఆయనతో అని నవ్వాను.

మూడో రోజు మధ్యాహ్నం కూడా పెద్దది ప్లేటు నా వైపు జరిపింది. నేను రెండు చెంచాలు తిన్నానో లేదో, యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి వచ్చి నా చేతులు చూసింది. ఆ ప్లేటు పట్టీ ఉన్నవాళ్ళకేనని, నేను తినకూడదని హిందీలో మెల్లగానే చెప్పింది. రోజుకి ఇరవై మందికి నేను చెప్పే రూలే అది. అయినా నాకు ఒళ్ళు మండింది. పిల్ల వదిలేసింది, నేను తినకపోతే చెత్తబుట్టలోకే కదా పోయేది అని వాదనకి దిగాను. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. మా ఆయన ఫోనులో తల దూర్చారు. ఆ అమ్మాయి సారీ మేడం అంటూనే అక్కడే నిలబడింది.

అప్పుడు పెద్దది నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "నేను వదల్లేదమ్మా. నీ కోసం ఉంచాను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆకలి వేయలేదా అని అడిగాను. వేసిందంది. మరెందుకు తినలేదంటే, అన్నీ తెలిసిన పెద్దమనిషిలా చెప్పింది.

"తమ్ముడు ఎంత వదులుతాడో తెలీదు కదమ్మా. డాడీకి ఫుల్ ప్లేటు కావాలి. మనిద్దరం సర్దుకుంటే సరిపోతుంది."

మనిద్దరం అన్న మాట దగ్గర చెంచా కింద పెట్టేశాను. మూడు రోజులు నా కూతురు పిల్లల ప్లేట్లో సగం తిని, జ్యూసుతో కడుపు నింపుకుని ఆ పార్కంతా తిరిగింది. ఆకలేసి పాప్‌కార్న్ అడిగితే తిట్టాను. సర్దుకోమని దానికి ఎవరూ చెప్పలేదు. శుక్రవారం నాడు బల్ల దగ్గర కూర్చుని నా మాటలు విని, నన్ను చూసి నేర్చుకుంది. చిన్నవాడూ రోజూ అదే బల్ల దగ్గర తింటున్నాడు, వాడికి ఆ ఆలోచనే రాలేదు. వాడికి రావాలని ఎవరమూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఇదీ నాలాగే తయారవుతోందని భయమేసింది.

లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. ముందే కడితే పద్నాలుగయ్యే ప్లాను అక్కడికక్కడ తీసుకుంటే పద్దెనిమిది దీనార్ల పైమాటే. మా ఆయన వెనకే వచ్చి కార్డు తీశారు. కౌంటర్లో వాళ్ళు నాకు పట్టీ కట్టి, ఏం కావాలి మేడం అని అడిగారు. గోడ మీది మెనూ పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. నా వెనక వరసలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. చివరికి చేప అన్నాను. పిల్లలు ముళ్ళంటారని ఇంట్లో చేప వండి చాలా కాలమైంది.

ప్లేటు తెచ్చుకుని కూర్చున్నాను. పెద్దది తన పాస్తా ప్లేటు వెనక్కి లాక్కుని మొత్తం తింది, అంచున అంటిన సాసు కూడా వేలితో తుడిచి నాకింది. అంత ఆకలి మీద ఉన్న పిల్లని మూడు రోజులు పక్కన పెట్టుకుని తిరిగాను. నేను తింటూ తింటూ, ముల్లు లేని మంచి ముక్క ఒకటి కనబడితే తెలియకుండానే దాన్ని ప్లేటు అంచుకి జరిపాను. తలెత్తితే పెద్దది ఆ ముక్కనే చూస్తోంది. అడిగితే ఇచ్చేసేదాన్నే. అది అడగలేదు, నేను ఆ ముక్కని ఏం చేస్తానో చూస్తోంది. దాని కళ్ళ ముందే తీసి నోట్లో పెట్టుకున్నాను.