ఎడమకు రెండు పాయింట్లు

మా పనిలో దయ్యం అంటే లూజు కనెక్షన్. హారన్ దానంతటదే మోగినా, రేడియో మధ్యలో మూగబోయినా, ఎక్కడో ఏదో వైరు ఊడి ఉంటుంది. విజయనగరంలో మా నాయనమ్మ సందెవేళ గడప మీద కూర్చోనిచ్చేది కాదు. నేను కావాలని కూర్చుని తిట్లు తినేవాణ్ణి. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ ఒక్క కారు సంగతి మాత్రం అంతు చిక్కలేదు.

సికింద్రాబాద్‌లో నాకు కారు ఆడియో దుకాణం ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. కుర్రాళ్లు కారు కొన్న వారానికే కంపెనీ సెట్టు పీకించి పెద్ద స్పీకర్లు పెట్టించుకునేవారు.

నవీన్ తెచ్చింది రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు. అది వాళ్ల అన్నది. ఉద్యోగంలో చేరాక మోజుపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. ఆదివారాలు తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, పాత పాటలు పెట్టి, కాప్రా చెరువు దాకా తిప్పుకొచ్చేవాడట. ఆ అన్న జ్వరంతో వారం రోజుల్లో పోయాడు. అప్పటినుంచి తండ్రి యాదగిరి గారు ఆ కారు ఎక్కలేదు. బన్సీలాల్‌పేటలో వాళ్ల ఇంటి ముందు అది ఏడాదిపాటు కవరు కప్పుకుని నిలబడింది. బ్యాటరీ చావకుండా నవీన్ వారానికోసారి స్టార్ట్ చేసి ఆపేవాడట, అంతే.

నవీన్ ఒక్కటే కోరాడు. "మంచి సౌండ్ పెడితే నాన్న మళ్ల కూసుంటడేమో అన్నా. ఒక్కసారి కూసుంటే చాలు. లేకుంటే అమ్మేస్తా. దాన్ని చూసుకుంట ఆయన కరిగిపోతున్నడు."

ఆ మాట విన్నాక ఆ పని వేరేవాళ్లకు అప్పగించలేదు. నేనే కూర్చున్నాను.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టాడు. బ్యాటరీ వైరు తీసే ముందు పాత సెట్టులో ఉన్నవన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. కరెంటు పోతే సెట్టు అన్నీ మర్చిపోతుంది, కస్టమర్ అలవాట్లు మళ్లీ అతనికి అప్పజెప్పాలి. అలాగే రాశాను. స్టేషన్లు, బేస్, ట్రెబుల్. బ్యాలెన్స్, అంటే సౌండు ఏ పక్కకు ఎంత ఒరగాలో, ఎడమకు రెండు పాయింట్లు.

నాకు నవ్వొచ్చింది. సౌండు మధ్యలో ఉండాలి, పాపం తెలియక తిప్పి ఉంటాడనుకున్నాను. కొత్త సెట్టులో మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టి, బ్యాలెన్స్ మాత్రం సున్నాకు తెచ్చాను. ఉస్తాద్ రాసుకోమన్నాడు గానీ దిద్దమనలేదు.

రెండు రోజుల పని. కంపెనీ సెట్టు, స్పీకర్లు తీసి అట్టపెట్టెలో పెట్టాను. తలుపుల లోపల అదురు ఆపే షీటు అంటించి, కొత్త వైర్లు లాగి, సీటు కింద ఆంప్లిఫయర్ బిగించాను. మా ఆనవాయితీ ప్రకారం మొదట దేవుడి పాట పెట్టాను. గొంతు ఎడమకు ఒరిగి వినిపించింది. చూస్తే బ్యాలెన్స్ ఎడమకు రెండు.

చెయ్యి తగిలిందేమోనని మధ్యకు తెచ్చాను. టీ తాగి వచ్చేసరికి మళ్లీ ఎడమకు రెండు.

నాకు పౌరుషం వచ్చింది. ప్రతి వైరూ చూశాను. సెట్టు దోషమేమోనని దాన్ని తీసేసి వేరే కంపెనీది కొత్తది పెట్టాను. సున్నా దగ్గర ఉంచి, బ్యాటరీ వైరు ఊడదీసి, కారుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని షట్టర్ దించాను. పొద్దున వచ్చి వైరు కలిపాను. సెట్టులోని గడియారం పన్నెండు దగ్గర మిణుకుమంటోంది. స్టేషన్లన్నీ పోయాయి. బ్యాలెన్స్ మాత్రం ఎడమకు రెండు.

నవీన్ తండ్రిని బతిమాలి తీసుకొచ్చే వేళకు దాన్ని మళ్లీ సున్నాకు తెచ్చాను. ఆఖరున రెండుసార్లు చూసుకున్నాను.

యాదగిరి గారు కారు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. ఇది కారు కాదు, సీటు ఇంత కిందికి, గోనె సంచిలో దిగినట్టుంటుంది అని గొణిగారు. చివరికి ఆయన నడుం వంచి ఎడమ సీట్లో కూర్చున్నారు. నవీన్ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి పాత పాట ఒకటి పెట్టాను.

సగం పాట అయ్యేసరికి ఆయన కళ్లు తడిశాయి. నా వైపు తిరిగారు.

"నా చెవి సంగతి నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. వర్క్‌షాప్‌లో ఇనుము కొట్టీ కొట్టీ కుడిచెవి ఎప్పుడో పోయిందట. చెవిటివాడంటారని ఇంట్లో దాచారట. పెద్దకొడుకు ఒక్కడే కనిపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడట.

"పెద్దోడే గిట్ల ఎడమ దిక్కు ఎక్కువ పెడుతుండె. చిన్నోనికి సుత తెల్వదు."

నవీన్ తన వైపున్న తండ్రి కుడిచెవి వంక చూశాడు. నేను సెట్టు వంక చూశాను. ఎడమకు రెండు.

యాదగిరి గారు నవీన్ మోకాలి మీద తట్టి, కాప్రా దాకా పోయొద్దాం పద అన్నారు. కారు అమ్మలేదు.

నాలుగేళ్ల తర్వాత నవీన్ మళ్లీ వచ్చాడు, కారు అలారం పాడైందని. యాదగిరి గారు రెండు నెలల కిందట పోయారట. అంతవరకూ ఏ ఆదివారమూ తప్పలేదట. అలారం పనికి కూడా బ్యాటరీ వైరు తీయాలి కనుక అలవాటు కొద్దీ నోట్‌బుక్ తెరిచాను. స్టేషన్లు, బేస్, ట్రెబుల్. బ్యాలెన్స్, సున్నా.

నువ్వు మార్చావా అని అడిగాను. తండ్రి పోయాక సెట్టు ఆన్ చేయనే లేదన్నాడు. అప్పుడు నాలుగేళ్లుగా దాచుకున్నదంతా చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ సున్నా వంకే చూస్తూ మెల్లగా అన్నాడు.

"నాకు రెండు చెవులు మంచిగనే వినవడ్తయ్ గద అన్నా. ఎరుకే మా అన్నకు."

దుకాణం ఇప్పుడు లేదు. నోట్‌బుక్ ఉంది. ఆ రెండు పేజీలూ నా చేతిరాతే, అందుకే కాదనలేకపోతున్నాను. లూజు కనెక్షన్ ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.